కుంకుడు రసం, బట్టల సోడా, మా బోరు నీళ్ళు

మా మామగారికి పొందూరు ఖద్దరు పంచెలు నాలుగు ఉన్నాయి. వాటిలో రెండింటిని ఆయన పండుగలకూ పెళ్ళిళ్ళకూ తప్ప బయటికి తీయరు. కిందటి వేసవిలో ఒకనాటి ఉదయం ఆయన ఆ రెండింటిలో ఒకదాన్ని దండెం మీది నుంచి తీసి, వెలుగుకు ఎదురుగా పట్టుకొని, కాసేపు ఏమీ అనకుండా చూసి, "ఏటమ్మా, ఇది మన పంచేనా?" అని అడిగారు. మల్లెపూవులా ఉండవలసిన ఆ పంచె పొగచూరిన గోడ రంగుకు తిరిగి ఉంది. చేత్తో తడిమి చూస్తే మెత్తదనం పోయి, మైనం పూసినట్టు జిడ్డుగా తగిలింది. ఇంట్లో తువ్వాళ్ళు కూడా కొంతకాలంగా ఒంటి నీటిని పీల్చుకోకుండా జార్చేస్తున్నాయన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఇందుకు కారకురాలిని నేనే. అంతకు రెండు నెలల ముందు నుంచి బజారు సర్ఫు మానేసి, నేను స్వయంగా కలిపిన పొడితోనే ఇంటిల్లిపాది బట్టలూ ఉతుకుతున్నాను. నేను ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతాను. బట్టల సోడా, వంట సోడా, సబ్బు మురికిని పట్టుకునే తీరు, కఠిన జలంలో సబ్బు మడ్డిగా మారడం, ఇవన్నీ ఏటా నేను నల్లబల్ల మీద రాసే పాఠాలే. అన్నేళ్ళ పాఠం బడిలోనే ఉండిపోయి ఇంటి దాకా రాలేదని ఆ పంచె చూసిన రోజున తెలిసింది.

మొదట పొడి ఎందుకు మార్చవలసి వచ్చిందో చెబుతాను. మా చిన్నవాడికి మెడ చుట్టూ, నడుము దగ్గర బెల్టు ఒరుసుకునే చోట ఎర్రటి దద్దుర్లు వచ్చి, పూత మందులతో తగ్గి, మళ్ళీ వచ్చేవి. చర్మవ్యాధుల వైద్యురాలు వాడిని చూసి, బట్టలలో మిగిలిపోయే సబ్బు పొడి వల్లా, అందులోని సువాసన ద్రవ్యాల వల్లా కొందరికి ఇలా అవుతుందనీ, పొడి సగానికి తగ్గించి, వాసన లేనిది వాడి, మరొక్కసారి నీళ్ళలో జాడించి చూడమనీ చెప్పారు. ఆమె చెప్పింది అంతే. ఇంట్లో పొడి తయారు చేసుకోమని ఆమె అనలేదు. ఆ ఒక్క జాడింపుతోనే వాడి దద్దుర్లు సగం నెమ్మదించాయని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ తరువాతది అంతా నా ఉత్సాహం.

మా వైపు బట్టల పొడి ఏదైనా దాని పేరు సర్ఫే. ఆ పేరుతో పొడి మన దేశంలో అమ్మకానికి వచ్చింది 1959లో. పదేళ్ళ తరువాత, 1969లో, అహ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ ఇంటి వెనుక కలిపి సైకిలు మీద అమ్మిన నిర్మా పొడితో అది సామాన్యుల ఇళ్ళకు చేరింది. ఈ పొడులలో మురికిని వదిలించే ముఖ్య పదార్థాన్ని చిన్న చిన్న తయారీదారులు 'యాసిడ్ స్లర్రీ' అంటారు. అది పెట్రోలియం నుంచి వచ్చే సరుకు. దానిని సోడాతో కలిపితే డిటర్జెంటు అవుతుంది. దానికి తోడు సోడా, పరిమాణం పెంచే సోడియం సల్ఫేటు, బట్ట తెల్లగా కనిపించడానికి వెలుతురును నీలంగా తిప్పికొట్టే రసాయనం, సువాసన, కొన్నింటిలో ఎంజైములు ఉంటాయి. 1960ల వరకు పాశ్చాత్య దేశాలలో వాడిన డిటర్జెంటు అణువుకు కొమ్మలు ఉండడం వల్ల నీటిలోని సూక్ష్మజీవులు దానిని విరగ్గొట్టలేకపోయేవి. నదులు నురుగు కట్టేవి. ఆ తరువాత కొమ్మలు లేని అణువుకు మారారు. కనుక పొట్లంలోని పొడి అంతా విషమని నేను అనను. ఆ డిటర్జెంటు పుట్టిందే సబ్బు పని చేయని గట్టి నీటి కోసం. ఈ వాక్యం నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

నా మొదటి పొడి అందరూ చెప్పే పద్ధతిలోనిదే. ఒక పాలు తురిమిన బార్ సబ్బు, రెండు పాళ్ళు బట్టల సోడా, ఒక పాలు వెలిగారం, అంటే బోరాక్సు. ఈ మూడో సరుకు గురించి ముందుగా చెప్పాలి. వెలిగారం కంసాలి దగ్గర ఉండేదే, పాతకాలపు నాటు వైద్యంలో నోటిపూతకు రాసిందే, కాబట్టి అందరూ దానిని సహజమైనదని చెప్పి కలుపుతారు. యూరోపియన్ యూనియన్ 2010లో దానిని సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థంగా గుర్తించి, తీవ్రంగా పట్టించుకోవలసిన పదార్థాల జాబితాలో చేర్చింది. చెంచాడు వెలిగారం బకెట్టు నీటిలో వేసి జాడించేస్తే ఏమవుతుందన్న వాదన ఉండనే ఉంది. కానీ పిల్లవాడి ఒంటి కోసం ఒకటి మానేసి, మరొకటి తెచ్చిపెట్టుకోవడం నాకు నచ్చలేదు. నేలలోంచి తవ్వి తీసింది కదా అని అది మంచిదైపోదు. రెండో విడత నుంచే వెలిగారం తీసేశాను. అది లేనందువల్ల ఉతుకులో తేడా ఏమీ కనిపించలేదు.

పంచె సంగతికి వస్తే, ఆ రోజు సాయంత్రం బడి నుంచి వచ్చాక రెండు గాజు సీసాలు తీసుకున్నాను. ఒకదానిలో నాగావళి నుంచి మునిసిపాలిటీ కుళాయికి వచ్చే నీరు, రెండో దానిలో మా పెరటి బోరు నీరు సగం సగం పోశాను. వేడి నీటిలో కరిగించిన సబ్బు ద్రావణం చుక్క చుక్కగా వేస్తూ, మూత పెట్టి రెండింటినీ ఒకే తీరున కుదిపాను. కుళాయి నీటి సీసాలో పది చుక్కలకే వేలెడు మందాన నురుగు నిలిచింది. బోరు నీటి సీసాలో ముప్పై చుక్కలు వేసినా నురుగు లేదు. నీరు మాత్రం నిమ్మరసం పిండిన పాలలా విరిగి, తెల్లటి తునకలు పైకి తేలి, సీసా గోడకు అంటుకున్నాయి. వేలితో తీసి రుద్దితే ఆ తునకలు పంచె మీద తగిలిన జిడ్డే. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకొని కరగని మడ్డిగా మారుస్తాయి. ఆ మడ్డి మురికితో సహా బట్ట నూలు పోగుల మధ్య చేరుతుంది. మా ఇంట్లో వాషింగ్ మెషీనుకు వచ్చేది ఆ బోరు నీరే. రెండు నెలలుగా నేను బట్టలు ఉతకలేదు, వాటికి రోజూ మడ్డి పూశాను.

ఆ సీసాలను మరునాడు బడికి కూడా తీసుకువెళ్ళాను. పిల్లలు ఆ పాఠం ఇక మరిచిపోరని అనుకుంటాను. నేనైతే మరువను.

మడ్డి వదిలించడానికి కాగే నీటిలో బట్టల సోడా వేసి పంచెనూ తువ్వాళ్ళనూ నానబెట్టాలని అనుకున్నాను. నూలు బట్ట సోడాకు, వేడికి ఓర్చుకుంటుంది. తొందరలో చేతికి అందిన పెద్ద సత్తు గిన్నెలో నీళ్ళు పెట్టి సోడా వేశాను. సోడా ద్రావణం అల్యూమినియాన్ని తింటుంది. క్షణాలలో గిన్నె అంచుల వెంట సన్నటి బుడగలు లేచి, లోపలి భాగం నల్లబడింది. ఆ గిన్నె మా అత్తగారిది. సత్తు గిన్నె పక్కన పెట్టి, స్టీలు గంగాళంలో మళ్ళీ మొదలు పెట్టాను. రెండు బిందెల నీటికి గుప్పెడు సోడా వేసి, రాత్రంతా నానబెట్టి, తెల్లవారి కుళాయి నీటిలో మూడుసార్లు జాడిస్తే మొదటి నీరు కుడితిలా వచ్చింది. పంచె పూర్వపు తెలుపుకు రావడానికి ఇలా రెండు విడతలు పట్టింది.

ఇక్కడ సోడా గురించి ఒక మాట. మా ఊరి కిరాణా కొట్టులో బట్టల సోడా రెండు తీరులుగా దొరుకుతుంది. ఒకటి పటికలా మెరిసే పలుకులు, రెండోది పొడి. 286 గ్రాముల పలుకుల సోడాలో అసలు సోడా 106 గ్రాములే, మిగిలిన 180 గ్రాములూ నీరే. పలుకులు గాలిలో ఉంచితే నీరు పోయి పైన తెల్లటి పొడి పట్టడం అందరూ చూసే ఉంటారు. కాబట్టి పొడి సోడాకు చెప్పిన కొలతను పలుకుల సోడాకు వాడితే చాలదు, పలుకులకు చెప్పినది పొడికి వాడితే చేతులు మండుతాయి. ఒకసారి కొట్టులో సోడా లేకపోతే వంట సోడానే ఇనప మూకుడులో సన్నని సెగ మీద గంటసేపు వేయించి బట్టల సోడా చేశాను. 168 గ్రాముల వంట సోడా నుంచి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు పోగా 106 గ్రాముల సోడా మిగలాలి. నాకు త్రాసులో 110 గ్రాములు తూగింది, అంటే ఇంకాస్త వేయించవలసి ఉందన్నమాట. వంట సోడాలో వెనిగరు పోసి, బుసబుసమనే ఆ పొంగును చూసి ఇదే మురికి తీసేస్తుందని చెప్పేవారి మాట మాత్రం నమ్మకండి. ఆ రెండూ ఒకదానినొకటి చంపుకోగా మిగిలేది కాస్త ఉప్పునీరు.

ఇప్పుడు నేను పాటించే వరుస ఇది. మెషీనులో నీరు నిండగానే ముందు నీటి గట్టిదనాన్ని సరిచేసి, పది నిమిషాలు ఆగి, ఆ తరువాతే సబ్బు పొడి వేస్తాను. గట్టిదనాన్ని తీయడానికి సోడా ఒక్కటి వేసినా చాలు కానీ, అది కాల్షియాన్ని సుద్దగా మార్చి కిందికి దించుతుంది, అందులో కొంత బట్ట మీదే దిగుతుంది. అందుకని ఒక గిన్నెలో పది గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), పన్నెండు గ్రాముల వంట సోడా వేసి, అర గ్లాసు నీరు పోసి, పొంగు అణిగే దాకా ఉంచుతాను. అందులో తయారయ్యే సోడియం సిట్రేటు కాల్షియాన్ని నీటిలోనే పట్టి ఉంచుతుంది, సుద్దగా దిగనివ్వదు. దానిని మెషీనులో పోసి, తరువాత మూడు చెంచాల పొడి వేస్తాను. మురుగు గొట్టంలో ఇదివరకు పేరుకున్న మడ్డి కూడా నెమ్మదిగా వదిలింది. కుళాయి నీరు బాగా వచ్చే రోజులలో ఈ తతంగం అవసరం లేదు, పొడి కూడా రెండు చెంచాలు చాలు.

పొడిలోకి సబ్బు కూడా ఇంట్లోనే చేద్దామన్న ఆలోచన మా అన్నయ్యది. మా పుట్టిల్లు సోంపేట వైపు, ఉద్దానంలో. కొబ్బరి అక్కడ ఇంటి సరుకు. కొబ్బరినూనె సబ్బు తొందరగా కరుగుతుంది, బాగా నురుగు వస్తుంది, మురికిని గట్టిగా లాగుతుంది. ఒంటికి అంత మంచిది కాకపోవచ్చు గాని బట్టలకు అదే కావాలి. కిలో కొబ్బరినూనెకు 180 గ్రాముల కాస్టిక్ సోడా, 350 గ్రాముల నీరు మా లెక్క. ఇంకొక మూడు నాలుగు గ్రాముల కాస్టిక్ ఎక్కువైతే నూనె అంతా సబ్బుగా మారిపోతుంది, ఆపైన వేసేది సబ్బులో కారంగా మిగిలి చేతులను కాలుస్తుంది. అందుకే త్రాసు లేకుండా, చెంచాల లెక్కన ఈ పని చేయకూడదు. కాస్టిక్‌ను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి తప్ప, కాస్టిక్ మీద నీరు పోయకూడదు. వేయగానే నీరు దానంతట అదే పొగలు కక్కేటంత వేడెక్కుతుంది. కళ్ళకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. పిల్లలను ఆ పూట అమ్మ దగ్గర ఉంచి, మేమిద్దరం పెరట్లోనే ఈ పని చేశాము.

మేము చేసినది పుష్యమాసంలో. ఇరవై నాలుగు డిగ్రీల దిగువన కొబ్బరినూనె పేరుకుంటుంది కనుక ముందు నూనెను గోరువెచ్చగా చేసి, చల్లార్చిన కాస్టిక్ నీటిని సన్నని ధారగా పోస్తూ కర్రతో తిప్పాము. ఇరవై నిమిషాలకు అది మజ్జిగపులుసు చిక్కదనానికి వచ్చింది. చెక్కపెట్టెలో ప్లాస్టిక్ కాగితం పరిచి పోసి, పైన గోనెపట్టా కప్పాము. ఐదారు గంటలకు కోయవలసిన దానిని, మాటల్లో పడి తెల్లవారి కోద్దామని వదిలేశాము. కొబ్బరి సబ్బు అంత ఆగదు. ఉదయం కత్తి పెడితే పాకం ముదిరిన పల్లీచెక్కలా పెళ్ళలు పెళ్ళలుగా విరిగింది. అన్నయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు గాని, ఎటూ తురమవలసినదే కాబట్టి నేను బాధపడలేదు. నాలుగు వారాలు గాలికి ఆరనిచ్చి, తురుముపీట మీద తురిమి, నీడన మరొకసారి ఆరబెట్టి, సోడా కలిపి మిక్సీలో తిప్పాను. మిక్సీ తిప్పాక మూత వెంటనే తీయకండి. ఆ సన్నటి పొడి ముక్కులోకి వెళితే గంటసేపు తుమ్ములే.

సువాసన కోసం ఏమీ కలపలేదు. మొక్కల నుంచి తీసిన సుగంధ తైలాలలోనూ కొందరి ఒంటికి పడని పదార్థాలు ఉంటాయి. మొదటి వారం చిన్నవాడు చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకొని, "అమ్మా, ఇది ఉతికిందేనా?" అని అనుమానపడ్డాడు. శుభ్రమైన బట్టకు ఏ వాసనా ఉండదని వాడికి నమ్మకం కలగడానికి నెల రోజులు పట్టింది. ఇప్పుడు పక్కింటి దండెం దగ్గరికి వెళితే వాడే ముక్కు మూసుకుంటాడు.

మరకల విషయంలో ఒకటే చెబుతాను, ఎందుకంటే అది చాలామందిని భయపెడుతుంది. పప్పు ఒలికిన తెల్లచొక్కాకు ఈ పొడి తగలగానే పసుపు మరక రక్తంలా ఎర్రబడుతుంది. అది పాడైనట్టు కాదు. పసుపు క్షారంలో ఎర్రబడుతుంది, బడిలో పసుపు కాగితంతో మేము చేయించే ప్రయోగమే అది. బాగా జాడిస్తే ఎరుపు పోయి మళ్ళీ పసుపుపచ్చ వస్తుంది. ఆ తడి మీదే రెండు రోజులు గట్టి ఎండలో ఆరేస్తే అదీ వెలిసిపోతుంది. పసుపు ఎండకు తాళదు.

ఇక కుంకుళ్ళు. మా అమ్మ ఇంటి వెనుక పెద్ద కుంకుడు చెట్టు ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కొబ్బరిచెట్లతో పాటు అదీ కూలింది. అప్పటి నుంచి కుంకుళ్ళు కొనుక్కోవడమే. సీతంపేట ఏజెన్సీ వైపు వెళ్ళినవారి చేత తెప్పించుకుంటాము, లేదా గిరిజన సహకార సంస్థ వారి దుకాణంలో తీసుకుంటాము. బట్టలకు వాడతానని చెబితే అమ్మ నవ్వింది. "ఏటే, పట్టుబట్టలకి మీ అమ్మమ్మ వాడినదే కదా, నువ్వేటి కొత్తగా కనిపెట్టినావు?" అంది. అమ్మమ్మ కాలంలో మామూలు బట్టలు చాకలి ఇంటికి వెళ్ళేవి. వేసవిలో చవిటి నేలల మీద తేలే తెల్లటి చవుడును ఊడ్చి తెచ్చి, ఆ చవుటి నీటిలో ముంచిన బట్టలను పెద్ద బానలో ఆవిరికి ఉడికించి, రేవులో బండకేసి కొట్టేవారు. ఆ చవుడులో ఉండేదీ సోడాయే. అయితే పట్టుచీరలు మాత్రం అమ్మమ్మ చాకలికి వేసేది కాదు, ఇంట్లోనే కుంకుడు రసంలో తడిపేది. పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చిన మాంసకృత్తులు, క్షారం వాటిని తినేస్తుంది. కుంకుడు రసం ఆమ్లం వైపు కాస్త మొగ్గి ఉంటుంది. అమ్మమ్మకు ఈ లెక్కలేవీ తెలియకపోయినా ఏ బట్టను దేనితో ఉతకాలో తెలుసు.

కాయను గట్టి నేల మీద పెట్టి రాతితో ఒక్క దెబ్బ వేస్తే, నిగనిగలాడే నల్ల గింజ ఎగిరి పడుతుంది. పెచ్చు లోపలివైపు గోధుమరంగు బంక మెరుస్తూ వేలికి అంటుకుంటుంది. నురుగుకు మూలమైన సాపోనిన్ ఉండేది ఆ పెచ్చులోనే, గింజతో పని లేదు. యాభై గ్రాముల పెచ్చులను లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం ఇరవై నిమిషాలు మరిగించి, చల్లారాక చేత్తో పిసికి, పాత పంచె ముక్కలో వడకడతాను. మరిగేటప్పుడు పాలలాగే పొంగుతుంది, దగ్గర ఉండాలి. వచ్చిన రసంలో పెద్ద టీగ్లాసుడు ఒక బకెట్టు నీటికి సరిపోతుంది. గట్టి నీరైనా ఇందులో మడ్డి కట్టదు, సబ్బుకూ దీనికీ ఉన్న పెద్ద తేడా అది. బయట ఉంచితే మూడో రోజుకే పులిసి, మూత తీయగానే గుప్పుమంటుంది. అందుకని మంచు పలకల ట్రేలో పోసి ఫ్రీజరులో పెట్టి, కావలసినప్పుడు నాలుగు పలకలు తీసి వేడినీటిలో వేస్తున్నాను.

దీని బలహీనతలూ చెప్పాలి. చొక్కా కాలరు మడతలో పట్టిన నల్లటి మురికి, వంటింటి నూనె మరక, పిల్లల ఆటల బట్టల మీది ఎర్రమట్టి, ఇవేవీ ఒక్క కుంకుడు రసంతో పూర్తిగా పోవు. నెల రోజులు అన్నింటికీ అదే వాడి చూసి ఈ మాట చెబుతున్నాను. రసం చిక్కగా వేసి సరిగా జాడించకపోతే తెల్లబట్టకు టీరంగు ఛాయ దిగుతుంది. కళ్ళలో పడితే ఎంత మంటో తలంటు పోసుకున్న ప్రతి తెలుగు పిల్లకూ తెలుసు. సాపోనిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. అడవి ప్రాంతాలలో నిలవనీటిలో చేపలు పట్టడానికి ఇటువంటి కాయలనే దంచి వేసేవారు. చెట్టుకు కాసిందని చెరువులో పోస్తే చెరువుకు మంచిది కాదు. మా అన్నయ్య చేపల గుంట వైపు వెళ్ళే కాలువలో ఆ నీటిని పోయవద్దని నేను గట్టిగా చెప్పవలసి వచ్చింది.

ఇవన్నీ ప్రయత్నించాక పంచెలూ పట్టుచీరలూ, చిన్నవాడి లోపలి బట్టలూ కుంకుడు రసానికి, మిగిలినవన్నీ సబ్బు సోడా పొడికి అని విభజించుకున్నాను. పొందూరు పంచెను పలుచటి కుంకుడు నీటిలో పావుగంట నానబెట్టి, పిండకుండా అరచేతులతో ఒత్తి, కుళాయి నీటిలో మూడుసార్లు జాడిస్తాను. పునాస పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేతితో వడికిన ఆ సన్నని నూలును బ్రష్షుతో తోమడానికి మనసు ఒప్పదు. చివర్లో పలుచటి గంజిలో ముంచి, నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తాను. మామగారు దసరాకు ఆ పంచె కట్టుకున్నారు. మెచ్చుకోలేదు, కానీ వెలుగుకు పట్టి చూడనూ లేదు.

ఆషాఢం వచ్చాక పొడి డబ్బాలో తేమ తగిలి రాయిలా గడ్డకట్టింది. రోకలితో పొడిచి తీయవలసి వచ్చింది. ఇప్పుడు ఒకేసారి రెండు కిలోలు చేయకుండా, నెలకు సరిపడా మాత్రమే కలిపి, గాలి చొరని స్టీలు డబ్బాలో ఉంచుతున్నాను. ఆ డబ్బా పిల్లలకు అందని అరలోనే ఉంటుంది. ఇంట్లో చేసినంత మాత్రాన సోడా కళ్ళను వదిలిపెట్టదు, గొంతును అంతకన్నా వదిలిపెట్టదు.

ఉతికిన నీరు ఎటు పోవాలన్నది నేను అన్నిటికన్నా ఆలస్యంగా ఆలోచించిన విషయం. మంచి నీరే కదా అని మొదటి మూడు నెలలూ మెషీను గొట్టాన్ని పెరటి కరివేపాకు మొక్క పాదులోకి వదిలాను. ఆకుల అంచులు మాడాయి. పాదులో మట్టి ఎండినప్పుడు పలకలుగా బీటలిచ్చి, నీరు పోస్తే ఇంకకుండా పైనే నిలిచింది. ఒకనాడు బీటల అంచున సన్నటి తెల్లటి పొర కనిపించింది. చవుడు. అమ్మమ్మ కాలపు చాకలివారు ఊడ్చి తెచ్చుకున్న ఆ తెల్లటి పొరనే నేను చేతులారా నా పాదులో తయారు చేశాను. సోడియం చేరిన నేల అలాగే బిగుసుకుపోతుంది. ఇప్పుడు సోడా నీరు నేరుగా మురుగుకాలువకు పోతుంది. కుంకుడు నీరు మాత్రం బకెట్టుకు పట్టి, మందారం కొమ్మలకు పేనుబంక పట్టినప్పుడు చల్లుతున్నాను, మిగిలినది పాదులకు పోస్తున్నాను. కరివేపాకు పాదులో పై మట్టి జానెడు లోతు తీసేసి, పశువుల ఎరువు కలిపిన కొత్త మట్టి నింపి రెండు నెలలైంది. కిందటి వారమే కొత్త చిగురు వేసింది.